కొసరుగా వచ్చిన మెరుపు

గాలి వెళ్ళాల్సిన చోట నీళ్ళ పైపు బిగించి లారీ నడిపిన మొనగాడు కృష్ణా జిల్లా మొత్తం మీద ఒకడున్నాడంటే అది నేనే. పైగా ఆ ప్లాస్టిక్ పైపు ముక్కకు గుడివాడ బోరు సామాన్ల కొట్లో రెండు వందల నలభై చెబితే, బేరమాడి నూట ఎనభైకి తెచ్చాను. తరాలుగా కొట్టు పెట్టుకుని బతికిన ఇల్లు మాది. అడిగిన ధర ఇచ్చి ఏ వస్తువైనా తెస్తే మా నాన్న దాన్ని దొంగసొత్తును చూసినట్టు చూసేవారు.

నా లారీ పాతది, టర్బో డీజిల్‌ది. ఇంజనుకు అందాల్సిన గాలిని టర్బో ఒత్తి పంపుతుంది. ఒత్తిన గాలి వేడెక్కుతుంది. రేడియేటర్ ముందున్న ఇంటర్‌కూలర్ దాన్ని చల్లార్చి ఇంజనుకు ఇస్తుంది. ఇదంతా నాకు తర్వాత తెలిసిన సంగతి. టర్బోకూ ఇంటర్‌కూలర్‌కూ మధ్య ఒక వంకర పైపు ఉంటుంది. నాగాయలంక వైపు తిరిగి తిరిగి, ఉప్పుగాలికి ఆ పైపు చిల్లులు పడింది. కంపెనీ పైపు, దాని చివర్లకు తొడిగే రబ్బరు హోసులు, బిగించే క్లాంపులతో కలిపి షోరూములో ఏడు వేల ఎనిమిది వందలన్నారు.

"లోపల ఏం వెళ్తుందండీ?" అని అడిగాను.

"గాలి" అన్నాడు కౌంటర్లో మనిషి.

గాలికి అంత ధరేమిటని లేచి వచ్చేశాను. మా ప్రాంతంలో పైపంటే చేలోకి నీళ్ళు తోడేది, చెరువులోంచి నీళ్ళు తోడేది. నీళ్ళను ఆపగలిగిన పైపు గాలిని ఆపలేదా అనుకుని ఆ ప్లాస్టిక్ ముక్క బిగించాను. నందివాడ నుంచి ధాన్యం బస్తాలతో వస్తుంటే అది ఉడికిన బెండకాయలా మెత్తబడి ఫట్‌మంది. దిగి చూస్తే నాకు కోపం కన్నా ఆశ్చర్యమే ఎక్కువైంది. పొయ్యి లేదు, నిప్పు లేదు. ఉత్త గాలి ప్లాస్టిక్‌ను ఉడకబెట్టేంత వేడి ఎలా అయింది?

ఆ ప్రశ్నతోనే బందరు వెళ్ళాను. అక్కడ సముద్రం బోట్లకు సైలెన్సర్లు చేసే వెల్డర్ ఒకాయన ఉన్నాడు. లారీ పైపు ఎప్పుడైనా చేశారా అంటే, "లేదండీ. అయినా బోటుకి చేసినోడికి లారీ ఓ లెక్కా?" అన్నాడు. వేడి సంగతి అడిగితే సైకిల్ పంపు తెచ్చి నా చేతికిచ్చాడు. కొట్టమన్నాడు, ఆ తర్వాత అడుగున పట్టుకోమన్నాడు. చెయ్యి చురుక్కుమంది.

"మరి చల్లార్చడం దేనికండీ? గాలి గాలేగా."

"చల్లగాలైతే అదే చోట్లో ఎక్కువ పడుద్ది. గాలి ఎక్కువుంటే డీజిలు బాగా మండుద్ది, పొగ తగ్గుద్ది."

మానికతో బియ్యం కొలిచేటప్పుడు కుదిపితే ఇంకో గుప్పెడు దిగుతుంది. కొనేవాడు కుదపమంటాడు, అమ్మేవాడు కుదపడు. మా కొట్లో చిన్నప్పటి నుంచీ నడిచిన తగువు ఇది. ఇంటర్‌కూలర్ అంటే కొనేవాడి తరఫున కుదిపేదన్నమాట. ఆయనతో ఆ మాటే అంటే, "నాకు రాని మాట చెప్పారండీ, రేపట్నించి నేను ఇదే చెప్తా" అన్నాడు.

నాకు తొందరుంది. నాగాయలంకలో రొయ్యల చెరువులున్న ఒకావిడను నేను అక్కా అంటాను. ఆ వారంలోనే ఆవిడ మొదటి చెరువు పట్టుబడి, అంటే రొయ్యలు పట్టే రోజు. సరుకు ఐసులో చెడకుండా గుడివాడ అవతల రొయ్యలు కొనే ప్లాంటుకు చేరితే మిగతా చెరువుల కిరాయి కూడా నాదే. చేరకపోతే వేరే లారీ చూసుకుంటానని ముందే చెప్పింది. ఆ కిరాయి లేకపోతే ఈ లారీని అమ్ముకోవడమే.

వెల్డర్ మందపాటి ఇనుప తీగను టర్బో మూతి నుంచి ఇంటర్‌కూలర్ మూతి దాకా, ఫ్యాను తగలకుండా, వంచుకుంటూ వచ్చాడు. ఆ తీగే ఆయన కొలత. తర్వాత నిటారు స్టీలు పైపును సొరకాయ చక్రాల్లా ఏటవాలుగా కోశాడు. ఒక ముక్క విడిచి ఒక ముక్కను తిప్పి అతికిస్తుంటే, వంగని పైపు నా కళ్ళ ముందే వంగింది. పొద్దుటి టీ తాగడం కూడా మరిచి చూశాను. చివర్లు టర్బోకూ ఇంటర్‌కూలర్‌కూ ఆనించకుండా ఖాళీ వదిలాడు. ఇంజను వణుకుతుంది, ఇంటర్‌కూలర్ కదలదు, మధ్యలో రబ్బరు హోసు ఆ వణుకును తీసుకుంటుందట. పైపుకు ఒకవైపు మూసి, గాలి పట్టి, సబ్బునీళ్ళు పూశాడు. ఒక అతుకు దగ్గర బుడగ లేచింది.

"లీకండీ" అన్నాను.

"అది లీకు కాదు, సబ్బు."

ఇంకో బుడగ లేచింది. ఆయన నా వంక చూడకుండా మళ్ళీ వెల్డింగు పెట్టాడు.

ఇక బేరం. నాలుగు వేల ఆరు వందలన్నాడు. అందులో నాలుగు వందలు పైపు రెండు చివర్లా పెదవి తీసినందుకు, అంటే అంచును చుట్టూ కాస్త ఉబ్బించినందుకు.

"తగ్గించండి."

"రూపాయి తగ్గదు."

"కొసరన్నా ఇవ్వండి మరి."

"వెల్డింగుకి కొసరేంటండీ? ఇవేమన్నా వంకాయలా?"

"పోనీ ఆ పెదవి తీసెయ్యండి. క్లాంపు ఉందిగా?"

"హోసు జారుద్దండీ."

"గట్టిగా బిగిస్తే?"

ఆయన చాలాసేపు తల గోక్కున్నాడు. "మీతో నా వల్ల కాదు. పెదవి లేకుండా నాలుగు వేల రెండు వందలు. కొసరంటారా, బఫింగు కొట్టిస్తా. అద్దంలా ఉంటది."

నేను గెలిచాను. పైపులో నా మొహం నాకే కనిపించింది. ఖాళీ లారీని బందరు రోడ్డు మీద తోలితే పొగ లేదు, లాగుడు బ్రహ్మాండం.

పట్టుబడి రోజు పొద్దున్నే ట్రేల్లో రొయ్యలూ ఐసూ నింపుకుని బయల్దేరాం. కాటా దగ్గర తనూ ఉండాలని అక్క క్యాబిన్‌లో నా పక్కనే కూర్చుంది. అవనిగడ్డ దాటేదాకా లారీ పరుగే పరుగు. మా డెల్టాలో ఎత్తెక్కాలంటే వంతెనలే దిక్కు. పులిగడ్డ వంతెన ఎక్కుతుంటే, లోడు మీద నిండుగా తొక్కగానే, బుస్సుమని చప్పుడొచ్చింది. లాగుడు పోయింది. వెనక నల్లటి పొగ.

"ఏంటి తమ్ముడూ, నా రొయ్యల్ని ఇక్కడే వండేస్తావా?"

దిగి చూస్తే హోసు ఊడి ఉంది. గుడ్డ పట్టుకుని తొడిగి, క్లాంపు బిగించి కదిలితే నాలుగు బారలు వెళ్ళకుండానే మళ్ళీ ఊడింది. నిమిరితే తెలిసింది: అద్దంలాంటి ఆ చివర మీద రబ్బరు, చేతిలో మట్టగిడస చేపలా జారుతోంది. వెల్డర్ సంగతి, పెదవి సంగతి, కొసరు సంగతి దాచకుండా చెప్పాను.

అక్క నడుం మీద చేతులు పెట్టుకుంది. "బిందె మూతికి అంచెందుకు పెడతారో తెలుసా? మెడకేసిన తాడు జారకుండా. అది తీసేసి బిందెకి పాలిషు పెట్టించుకున్నావా నాయనా!"

"ఇప్పుడేం చేద్దామక్కా?"

"ఆ మెరుపు చెరుపు ముందు."

రోడ్డు పక్క ఇటుక ముక్క తెచ్చి రుద్దడం మొదలుపెట్టాను. నా రుద్దుడు చూడలేక ఆవిడే లాక్కుంది. "ఇటివ్వు, అంట్లు తోమినట్టు తోమాలి. నువ్వు దేవుడికి గంధం రాస్తున్నావ్." పైపు చివర గరుకెక్కేదాకా తోమింది. హోసు తొడిగి, రెండు క్లాంపులూ బిగించి, తీగ కూడా చుట్టాను. యాక్సిలరేటర్‌ను గుడ్డు మీద కాలు పెట్టినట్టు తొక్కుతూ వంతెన దిగాం. చల్లపల్లిలో కరిగిన ఐసుకు బదులు కొత్త ఐసు వేయించాను. దారంతా ఆవిడ వెనక్కి తిరిగి ట్రేల వైపే చూస్తూ కూర్చుంది. జోకులు మానేసింది.

ప్లాంటులో సరుకు చూసేవాడు ఐసులో చెయ్యి పెట్టి ఒక రొయ్యను తీశాడు. తల వదులైందేమోనని నొక్కి చూశాడు, వాసన చూశాడు, ఇంకోటి తీశాడు. "దించండి" అన్నాడు.

కాటా అయ్యాక అక్క ఆలస్యానికి కిరాయిలో పదిహేను వందలు కోసింది. నేను బేరమాడలేదు.

"పెదవి పెట్టించుకుని రా. రెండో చెరువు నీదే" అంది.

మర్నాడే బందరు వెళ్ళాను. వెల్డర్ ఆ గీతలు చూసి, "నా బఫింగు ఎవరు పాడు చేశారండీ?" అని నొచ్చుకున్నాడు. పెదవికి నాలుగు వందలడిగాడు. ఇచ్చాను. కొసరు ఏమన్నా కావాలా అన్నాడు. వద్దని దణ్ణం పెట్టాను.

ఇక అసలు లెక్క. ప్లాస్టిక్ పైపు నూట ఎనభై. స్టీలు పైపు నాలుగు వేల రెండు వందలు. హోసులు, క్లాంపులు పదహారు వందలు. చల్లపల్లి ఐసు తొమ్మిది వందలు. అక్క కోసిన కిరాయి పదిహేను వందలు. పెదవి నాలుగు వందలు. బఫింగు కొసరు కాబట్టి సున్నా. రెండో చెరువు కిరాయిని ఇందులో కలిపి నష్టం కప్పిపుచ్చను, అది వేరే ఖాతా. మొత్తం ఎనిమిది వేల ఏడు వందల ఎనభై. కంపెనీ పైపు ఏడు వేల ఎనిమిది వందలు. బేరమాడినందుకు నాకు పైన పడింది తొమ్మిది వందల ఎనభై.