ఊరు ఒప్పుకోదన్న లైఫ్ జాకెట్లు

సోషియాలజీలో ఎం.ఏ. చేసి, మత్స్యకార గ్రామాల్లో పనిచేసే ఒక సంస్థలో ఫీల్డ్ ఆర్గనైజర్‌గా చేరిన నాలుగో ఏడాది సంగతి ఇది. కృష్ణపట్నానికి దక్షిణంగా, సముద్రం ఒడ్డున ఓ చిన్న పల్లె నాకు అప్పగించారు. ఏరు సముద్రంలో కలిసే చోటును అక్కడ మొగ అంటారు. ఆ ఏడాది మొగ దాటుతుండగా పడవ బోల్తాపడి పోలయ్య అనే ఆయన చనిపోయాడు. ఆ తర్వాత మేము ఇంటింటికీ లైఫ్ జాకెట్లు ఇచ్చాం. రెండు నెలలకు వెళ్లి చూస్తే ఒక్కరూ వేసుకోవడం లేదు. ఒక ఇంట్లో అయితే పసిబిడ్డకు తలగడగా పెట్టారు.

పోలయ్య తమ్ముడు శీనయ్య అందరి ముందూ పకపకా నవ్వాడు. "సముద్రంలో పుట్టినోళ్లం మేడం. ఇది తొడుక్కుంటే చేపలు కూడా నవ్వుతాయి."

చుట్టూ ఉన్నవాళ్లూ నవ్వారు. 'ఇది వాళ్ల సంస్కృతి, ఊరు ఒప్పుకోదు' అని రిపోర్టు రాసేశాను.

మా పై అధికారి విజయగారు సోషల్ సైకాలజీ చదివిన మనిషి. పదిమంది మధ్య ఉన్నప్పుడు ఒక మనిషి ఆలోచన, నడత ఎలా మారతాయో చూసే శాస్త్రం అది. నా రిపోర్టు వెనక్కి ఇచ్చేశారు.

"ఇది గుంపు చెప్పిన మాట. ఒక్కొక్కరినీ విడిగా అడిగావా?"

"లేదండీ."

"అయితే నీకు ఆ ఊరు ఇంకా తెలియదు."

సిగ్గేసింది. తర్వాత పట్టుదల వచ్చింది. మూడు వారాలు ఇల్లిల్లూ తిరిగాను. పేరు బయటికి రానివ్వనని మాటిచ్చి, రెండే ప్రశ్నలు అడిగాను: నువ్వు వేసుకుంటావా? మిగతావాళ్లు ఏమనుకుంటారు? దాదాపు అందరిదీ ఒకటే జవాబు. నాకు ఇష్టమే, వాళ్లు నవ్వుతారు.

శీనయ్య ఇంటికి ఆఖరున వెళ్లాను. భార్య రమణమ్మ పక్కనే కూర్చుంది. తలుపు దగ్గరగా వేసి చెప్పాడు.

"అన్న నా చేతిలోంచే జారిపోయినాడు మేడం. మొగ వస్తాందంటే భయమేస్తాది. తొడుక్కోవాలనే ఉంది. ఈ మాట ఎవురికీ చెప్పబాకండి."

మరుసటి ఆదివారం వలలు బాగుచేసుకునే పాకలో అందరినీ కూర్చోబెట్టాను. "మీలో నలుగురైదుగురు తప్ప అందరూ వేసుకుంటామన్నారు. మిగతావాళ్లు నవ్వుతారని అన్నదీ మీరే" అని చెప్పాను.

శీనయ్య అలవాటుగా నవ్వాడు. "ఎవురబ్బా అంత పిరికోళ్లు?"

అందరూ తలలు దించుకున్నారు. మూడు వారాల కష్టం కళ్లముందే పోతోంది. అతని పేరు చెబితే ఆ నవ్వు అక్కడే ఆగిపోతుంది. రమణమ్మ నావైపే చూస్తోంది.

"పేర్లు చెప్పనని మాటిచ్చాను శీనయ్యా" అని మాత్రం అన్నాను.

అతని నవ్వు ఆగింది. చేతిలోని వల పక్కన పెట్టాడు. "ఆ పిరికోళ్లలో మొదటోణ్ణి నేనే" అన్నాడు. "రేపు నా పడవ ఎక్కేవోడు జాకెట్టు తొడుక్కునే ఎక్కాల."

ఒక ముసలాయన "నేనూ అదే చెప్పినా" అన్నాడు. తర్వాత ఇంకొకరు, ఇంకొకరు.

మర్నాడు ఒక్క పడవలోనే వేసుకున్నారు. వారానికి సగం పడవలయ్యాయి. వేట కాలం ముగిసేసరికి, జాకెట్టు లేకుండా పడవెక్కేవాణ్ణి "ఏందబ్బా, యాడ మర్చిపోయినావు?" అని తోటివాళ్లే ఆపసాగారు.

దీన్ని ప్లూరలిస్టిక్ ఇగ్నోరెన్స్ అంటారని విజయగారు చెప్పారు. లోపల అందరిదీ ఒకటే మాటైనా, ఆ మాట తనొక్కడిదే అని ప్రతివాడూ అనుకోవడం. సోషియాలజీ నాకు ఊరి కట్టుబాటును చూపింది. ఆ కట్టుబాటును ఒక్కో మనిషి ఎంత బరువుగా మోస్తున్నాడో చూడటం అక్కడే నేర్చుకున్నాను. ఇప్పుడు కొత్తగా చేరినవాళ్లు 'ఊరు ఒప్పుకోదు' అని రాసుకొస్తే, ముందు ఒక్కొక్కరినీ విడిగా అడగమంటాను. అక్కడితో ఆగితే నిజం మనకు మాత్రమే తెలుస్తుంది. అందరినీ ఒకచోట కూర్చోబెట్టి చెబితేనే అది వాళ్లకు తెలుస్తుంది.