ఎప్పుడూ వేసి ఉండే తెర

సువార్తమ్మగారు ప్రభువునందు నిద్రించారని పాస్టరుగారు ఫోనులో చెప్పినప్పుడు మేముండే ఈ అరబ్బు ఊరు సలాలా అంతా మంచులో మునిగి ఉంది. ఇక్కడివాళ్లు ఖరీఫ్ అని పిలిచే వానకాలపు చివరి రోజులవి. ఆ మాట విన్నాను గాని నమ్మలేకపోయాను. ముందురోజు సాయంత్రమే ఆవిడ గొడుగు వేసుకుని, కొబ్బరితోట పక్కగా మంచులోకి నడిచి వెళ్లారు. అందులోంచే మళ్లీ వస్తారేమోనని కిటికీ దగ్గర చాలాసేపు నిలబడ్డాను.

ఆవిడది నర్సాపురం. నేను లెక్కలు చెప్పే ఆడపిల్లల బడిలో నర్సు. గోదావరి యాసను, వెటకారాన్ని పరదేశంలోనూ చెక్కుచెదరనీయని మనిషి. పిల్లలు ఏమడిగినా వచ్చీరాని అరబ్బీ సగం, చేతి సైగలు సగం కలిపి జవాబు చెప్పేవారు.

బడిలో ఆవిడ గదిలో కిటికీ పక్క మంచానికి ఒక తెల్లటి తెర ఉండేది. లోపల ఎవరూ లేకపోయినా దాన్ని తీసేవారు కాదు.

"ఖాళీ మంచానికి పరదా ఏమిటండీ, రాణివాసమా?" అని ఒకసారి ఆటపట్టించాను.

"ఖాళీగా ఉన్నప్పుడు తీసేస్తే, వేసినప్పుడు లోపలెవరో ఉన్నారని తెలిసిపోద్ది కదండీ టీచరుగారూ," అన్నారు, వేడినీళ్ల సంచికి మూత బిగిస్తూ.

చాలా ఏళ్ల కిందట ఆ తెర వెనక తరచుగా పడుకున్న పిల్ల సలీమా. కొండల మీంచి బస్సులో వచ్చేది. లెక్కల్లో ఆ పిల్లను మించినవాళ్లు క్లాసులో లేరు. అయితే ప్రతి నెలా కొన్నాళ్లు బడికి వచ్చేదే కాదు. వచ్చిన రోజైనా, బాత్రూముకని వెళ్తే పీరియడ్ అయ్యేదాకా తిరిగొచ్చేది కాదు. బద్ధకమని కొందరు టీచర్లు తేల్చేశారు. పసికందుగా ఉన్నప్పుడే ఆ పిల్లకు సున్తీ చేయించారనీ, ఆ కోత సరిగా మానక మూత్రవిసర్జనకూ నెలసరికీ నరకం చూస్తోందనీ కనిపెట్టింది సువార్తమ్మగారే. ఆడపిల్లలకూ అలా చేస్తారన్న సంగతి నాకు అంతవరకు తెలియదు. ఇంట్లో దాని గురించి ఎవరూ పెదవి విప్పరు. తన నొప్పికి పేరైనా తెలియకుండానే పిల్ల చదువుకు దూరమైపోతుంది.

ఇక మాన్పించేస్తానంటూ సలీమా తల్లి వచ్చిన రోజూ ఇలాగే ముసురు. "రోజూ తిట్లు తింటోంది. ఇంట్లో ఉంటే పరువైనా దక్కుతుంది," అందామె.

సువార్తమ్మగారు ఆమెను పల్లెత్తు మాట అనలేదు. ఎవరికోసమూ తీయని ఆ తెరను ఆ తల్లికోసం కొంచెం పక్కకు జరిపారు. వేడినీళ్ల సంచి పొట్టకు ఆనించుకుని సలీమా నా లెక్కల పరీక్ష రాస్తోంది.

"నీ బిడ్డది బద్ధకం కాదమ్మా, నొప్పి. డాక్టరమ్మ దగ్గరికి నేను తీసుకెళ్తాను. బడి మాత్రం మాన్పించకు," అన్నారు తన ముక్కల అరబ్బీలో.

ఆ తల్లి వంగి సలీమా తల నిమిరింది. "నేనూ బడి ఇందుకే మానేశాను," అంది. వాళ్లిద్దరూ తెర వెనక్కి వెళ్లి ఏం మాట్లాడుకున్నారో నేను వినలేదు. కిటికీ అవతల కొండలు మంచులో కరిగిపోతూ కనిపించాయి.

సలీమా చదువు ఆగలేదు. వైద్యంతో నొప్పి తగ్గింది గాని పూర్తిగా పోలేదు. బాధగా ఉన్న రోజుల్లో పరీక్షలు తెర వెనకే రాసింది. "లెక్క చెయ్యడానికి బెంచీయే కావాలా అండీ?" అని సువార్తమ్మగారు హెడ్‌మిస్ట్రెస్ వెంటపడి మరీ ఒప్పించారు. ఆ మొండితనానికి ఈనాటికీ చేతులెత్తి మొక్కుతాను.

ఆవిడ శవపేటికను విమానంలో ఊరికి పంపించాక బడికి వెళ్లాను. గది శుభ్రం చేసినవాళ్లు తెరను ముడివేసి పైకి కట్టేశారు. ఆ ఖాళీ మంచం చూశాక ఏడుపు ఆగలేదు.

అప్పుడు వచ్చింది సలీమా. ఇప్పుడు తనూ కొండమీది బడిలో టీచరు. చేతుల్లో నెలల పాప.

"సిస్టర్‌కి చూపించాలని మొన్ననే బయలుదేరాను టీచర్. మంచుకి దారి కనబడక వెనక్కి వెళ్లిపోయాను," అంది. పాప దుప్పటి సరిచేస్తూ, "దీనికి సున్తీ చేయించాలని మా అత్తగారు కోసే ఆవిడను పిలిపించారు. మా అమ్మ గుమ్మానికి అడ్డంగా నిలబడింది. లోపలికి రానివ్వలేదు," అంది.

పాపను నా చేతికిచ్చి, తెర ముడి విప్పి, మంచం చుట్టూ పూర్తిగా లాగింది.

"ఎవరో ఒక పిల్ల వస్తుంది కదా," అంది.

అమ్మా సువార్తమ్మగారూ, మీలాంటి నర్సు మా బడికి మళ్లీ దొరకదు. మీరు చూడాల్సిన పాప నా ఒళ్లో నిద్రపోయింది. ఈ పిల్ల బడికొచ్చే రోజున ఆ తెర వెనక పడుకోవలసిన పని ఉండదు.