ముంబైకి తూర్పున

నా తెలివితక్కువతనాన్ని ముందే ఒప్పుకుంటే మీరు కాస్త తక్కువ నవ్వుతారని ఆశ. ఆ రోజుల్లో, అంటే రెండువేల ఐదు ప్రాంతంలో, నారాయణఖేడ్‌లో ఓ ప్రైవేటు బడిలో సాంఘికశాస్త్రం చెప్పే ఉద్యోగం దొరికింది నాకు. "ముంబైకి మూడు దిక్కులా సముద్రమే" అని పిల్లలకు చెప్పాల్సినవాణ్ణి, ఒక్క దిక్కయినా చూసెరుగను. అందుకే బడి తెరిచే ముందు, అక్కడి శివారు ములుండ్‌లో మేస్త్రీ పని చేసే బావ, అక్కల దగ్గరికి వెళ్లాను. చేతిలో ఉన్నది ఒక్క ఆదివారం.

"పడమటి దిక్కు పోవాలె బామ్మర్ది, రెండు రైళ్లు మారాలె" అన్నాడు బావ. నేను అట్లాసు తీసి దారంతో కొలిచి (గట్టు తగాదాలో మా నాయన తాడు పట్టినంత శ్రద్ధగా), "తూర్పున గింత దగ్గరుంటే రైలెందుకు బావా? నడిచే పోత" అన్నాను.

"పో మరి సారూ, పటం నీకే ఎరుక."

పొద్దుటెండకు ఎదురు నడిచి, ఉప్పు మడులు దాటితే, ఎదురుగా నల్లటి నేల, పైన ఎండిన పెచ్చు. అచ్చం మా రేగడి చేనే! పుట్టినప్పటి నుంచి తొక్కిన నేల కదా అని ధీమాగా అడుగేశాను. మోకాళ్లదాకా దిగబడిపోయాను. సముద్రమేమో ఎక్కడో సన్నటి బూడిదరంగు గీత, దాని వెనక అవతలి ఒడ్డు. (అవతలి ఒడ్డు చూడ్డానికైతే మా మంజీర చాలదా?) మడుల్లో పనిచేసేవాళ్లు చెక్క పలక వేసి నన్ను లాగారు గానీ, ఎడమకాలి చెప్పును మాత్రం బురద వదల్లేదు.

"సముద్రం ఏమన్నది సారూ?" అన్నాడు బావ, ఒంటి చెప్పుతో ఇల్లు చేరిన నన్ను చూసి.

"నవ్వకు, పోరడు పరేషాన్ల ఉన్నడు" అంటూ అక్కే ఎక్కువ నవ్వింది. "జల్దీ కాళ్లు కడుక్కోరా, కంపు!"

ఆ సాయంత్రమే ఊరికి తిరుగు బస్సులో మెడ నొప్పెట్టేదాకా వెనక్కి తిరిగి పడమరే చూశాను. మేడల సందుల్లో కాస్త ఎరుపు కనబడింది, అంతే. ఆ ఎరుపు దిగే నీళ్లను ఇప్పటికీ చూడలేదు. "సార్, మీరు చూసిండ్రా?" అని ఏ పిల్లాడైనా అడిగితే, బోర్డు మీద గీసిన ముంబై పటం నీలిసుద్ద అంచును కాసేపు వేలితో తడుముతాను.

బావ మాత్రం ఊరొచ్చినప్పుడల్లా నలుగురిలో ఆ బురద కథ చెప్పకుండా వదల్లేదు. అందుకని పటం గీసిన ప్రతి ఏడూ ముంబై తూర్పు అంచున చుక్కలు పెట్టి "బావ బురద" అని రాయడం మొదలుపెట్టాను. మా ఊళ్లోనే నానమ్మ దగ్గరుండి చదివే బావ కూతురు ఓ ఏడు నా తరగతిలోకొచ్చింది. అర్ధసంవత్సర పరీక్షలో అందరూ నేను చెప్పినట్టే "బావ బురద" అని రాస్తే, అది మాత్రం "ముంబైకి తూర్పున మా నాయన బురద కలదు" అని రాసింది. పూర్తి మార్కులేశాను.

పండక్కి వచ్చిన బావ ఆ కాగితం రెండుసార్లు చదివాడు. "గిదేంది బామ్మర్ది?"

"పాఠం బావా. కింద తండ్రి సంతకం గావాలె."

పెట్టాడు.