బయటికి పడ్డ రంగు అద్దాలు

భద్రాచలంలో నాకు చిన్న ఫోటో స్టూడియో ఉన్న రోజులవి. గోదావరి వరద తీసిన కొన్నాళ్లకు, మణుగూరు వైపు అడవి అంచునున్న ఒక ఊరి చర్చి ఫాదర్ కబురు పంపాడు. కిటికీల రంగు అద్దాలు పగిలాయట. హైదరాబాద్‌లోని అద్దాల మేస్త్రీ మరమ్మతు అంచనా వేయడానికి ఫోటోలు కావాలట.

"వరదప్పుడు నేను ఖమ్మంలో చిక్కుకుపోయాను. ఎవరో రాళ్లు వేశారు. అడిగితే ఒక్కరూ నోరు విప్పరు," అన్నాడు ఫాదర్.

కెమెరా సంచి దించగానే చర్చి అరుగు మీద కూర్చున్న ఊరివాళ్లు మాటలాపేశారు. ఆ రోజుల్లో అడవి పల్లెల్లో కెమెరాతో కనిపించిన కొత్త మనిషి వాళ్ల లెక్కలో పోలీసుల మనిషే. చర్చి ఊడ్చే అవ్వ నన్ను వదల్లేదు. ఏ కిటికీని ఫోటో తీయబోయినా అడ్డంగా వచ్చి నిలబడేది. ఏదో దాస్తోందని నాకూ అనుమానం పట్టుకుంది.

నది వైపు పెద్ద కిటికీ సగం లేదు. లోపల గాజు ముక్క ఒక్కటీ కనపడలేదు. బయటికెళ్లి చూస్తే గోడ కింద ఎండిన బురదలో ఎర్రవి, నీలివి కూరుకుపోయి ఉన్నాయి. అద్దాలను పట్టి ఉంచే సీసం పట్టీలు కూడా బయటికే వంగాయి.

"అవ్వా, ఇది లోపల్నుంచి పగలగొట్టిందే. ఎవరు?"

"నాకేం ఎరుక?" అని, మళ్లీ తనే అడిగింది. "గీ ఫోటోలు ఠాణాకు పోతయా?"

"లేదు, అద్దాల మేస్త్రీకి."

"అబద్ధమాడకు."

కెమెరా సంచిలో పెట్టేసి మెట్ల మీద కూర్చున్నాను. చాలాసేపటికి అవ్వ వచ్చి పక్కన చతికిలబడింది.

"వరదకు ఊరోళ్లమంత గీడనే ఉన్నం. నడుముల దాక నీళ్లొచ్చినయ్. తలుపు తెరుచుకోలే. పడవోళ్లు గా కిటికీ కాడికొచ్చిన్రు. బల్ల ఎత్తి నేనే గొట్టిన, బిడ్డా. పిల్లలందర్ని గా కిటికీల నుంచే అందిచ్చినం. దేవుని అద్దం పగలగొడితే జైలే అని ఎవరో అన్నరు, గందుకే ఎవ్వరం నోరిప్పలే."

ఫాదర్‌కు చెప్తే ముందు నమ్మలేదు. "ఎవరినో వెనకేసుకొస్తోందేమో," అన్నాడు. గోడ కిందికి తీసుకెళ్లి ఆ గాజు ముక్కలు చూపించాను. ఫాదర్ ఒక నీలి ముక్క తీసి చొక్కాకు తుడిచాడు. ఆ కిటికీకి ఈసారి తెరుచుకునే రెక్క పెట్టించాలన్నాడు.

ప్రింట్లు ఇవ్వడానికి వెళ్లినప్పుడు అవ్వ వాటిని ఒక్కొక్కటిగా తిప్పి చూసింది. ఎందులోనూ ఊరి మనిషి పడలేదని రూఢి చేసుకున్నాకే చాయ్ పోసింది.