మస్తాన్ తాత మిలిటరీకి పోయిన వారం

బొగ్గుల ఇస్త్రీపెట్టె వాసన తగిలితే ఇప్పటికీ నల్లమాడలో మా వీధి దర్జీ మస్తాన్ తాత గుర్తొస్తాడు. ఆయన ఒకప్పుడు యుద్ధం చేసి వచ్చిన సిపాయి.

కార్గిల్ యుద్ధం జరుగుతున్న ఆ ఎండాకాలం ఒకరోజు అంగడి మూసి ఉంది.

"మిలిటరీ ఆసుపత్రికి పోయినాడులే" అన్నాడు నాయన. నా చెవిన పడింది మిలిటరీ అన్న మాటే. తాతను మళ్లీ యుద్ధానికి పట్టుకుపోయారనుకుని వారం రోజులు నాకు అన్నం సయించలేదు.

శుక్రవారం ఆయన నల్లద్దాలు పెట్టుకుని బస్సు దిగాడు. పరుగెత్తి వెళ్లి చుట్టేసుకున్నాను.

"తాతా, యుద్ధం అయిపాయనా?"

"యాడి యుద్ధమే పిల్లా! కంటికి ఆపరేషన్ చేసినారు. ఇంగ సూదిలో దారం నేనే ఎక్కిస్తా సూడు."

ఆ పూట రెండు ముద్దలు ఎక్కువే తిన్నాను. తర్వాత పదేళ్లు నా బట్టలన్నీ ఆయనే కుట్టాడు. నిజంగా యుద్ధం నుంచి వచ్చిన రోజున ఆయన కోసం ఎవరు ఎదురుచూశారో మాత్రం నేనెప్పుడూ అడగలేదు.