సరుకు వెనక్కి రావడానికి కాగితం

మైపాడు దరియావలికి నలభై రెండో ఏట ఇంగ్లీషు అక్షరాలు దిద్దవలసి వచ్చింది.

తాత నాటి నుంచీ వాళ్లది ఎండు రొయ్యల వ్యాపారం. పాలెం ఆడవాళ్లు ఇసుకలో చాపలు పరిచి ఎండబెట్టిన రొయ్యల్ని గోతాలకెత్తి, మద్రాసు రేవు నుంచి రంగూనుకు పంపేవాళ్లు. తండ్రి రోజుల్లో ఓ చీటీ రాసి, గోతం మీద తెలుగులో గుర్తు పెడితే సరిపోయేది. పందొమ్మిదివందల యాభై ఏడు దాటాక రూలు మీద రూలు వచ్చి పడింది. షిప్పింగ్ బిల్లు కావాలి. సరుకు తాలూకు డబ్బు దేశానికి తిరిగొస్తుందని రిజర్వు బ్యాంకు ఫారంలో హామీ రాయాలి. రంగూనులో కొనేవాడికి దిగుమతి లైసెన్సు ఉండాలి. దాని గడువు తీరకముందే ఓడ అక్కడికి చేరాలి.

అతనికి నలభై రెండు వచ్చిన ఏడు అతని గోతాల్ని రేవు గేటు దగ్గరే ఆపేశారు. బిల్లులో గుర్తు ఇంగ్లీషులో ఉంది, గోతాల మీద తెలుగులో ఉంది. మద్రాసులో అతని పనులు చూసే ఏజెంటు కామాక్షయ్యది నెల్లూరే.

"నీ సరుక్కేం సాయిబూ, బంగారంలాగుంది. అయితే కాగితంలో ఏముందో గోతం మీద అదే ఉండాల. వాళ్లు చూసేది రొయ్యల్ని గాదు" అన్నాడు.

దరియావలి పలక కొనుక్కుని ఇంటికొచ్చాడు. భార్య బడేబీ పగలబడి నవ్వింది. అతను మాత్రం రోజూ సాయంత్రం మిషన్ బడి పంతులు క్రీస్తురాజు అరుగు మీద కూర్చుని పిల్లవాడిలా దిద్దాడు. రెండేళ్లు గడిచేసరికి ఏ ఫారం ఎన్ని ప్రతులు తీయాలో, ఏ ప్రతి ఎవరికి పోవాలో కామాక్షయ్య కంటే ముందు చెప్పగలిగేవాడు. కృష్ణపట్నం వర్తకులు సైతం కాగితాలు చూపించుకుపోయేవాళ్లు. బడేబీ నవ్వడం మానేసింది.

అరవై మూడు చివర్లో ఎనభై గోతాలు మద్రాసు రేవు షెడ్డుకు చేర్చాడు. కాగితాల్లో ఒక్క తప్పు లేదు. ఓడ రావడానికి నాలుగు రోజులున్నాయనగా రంగూను నుంచి తంతి వచ్చింది. విదేశీ వ్యాపారమంతా అక్కడి ప్రభుత్వం తన చేతిలోకి తీసుకుంది, లైసెన్సు రద్దయింది, సరుకు పంపవద్దు.

దరియావలి పరుగున మద్రాసు పోయాడు.

"పోనీలే కామాక్షయ్యగారూ. బండి మాట్లాడండి, ఎత్తుకుపోతాను" అన్నాడు.

కామాక్షయ్య తల అడ్డంగా ఊపాడు. "లోపలికి పోయిన సరుకు ఊరికే బయటికి రాదు సాయిబూ. ఎగుమతి రద్దు చేసినామని రాయాల. బ్యాంకోళ్లు ఆ హామీ ఫారం తిరిగి తీసుకోవాల. ఆపైన కస్టమ్సోళ్లు వెనక్కి పంపే ఉత్తర్వు ఇయ్యాల."

"నా సరుకే గదా?"

"నీదే. కాదనేదెవరు?"

అర్జీ దరియావలే రాశాడు. బ్యాంకువాళ్లు కస్టమ్స్ సంతకం తెమ్మన్నారు, కస్టమ్స్‌వాళ్లు బ్యాంకు ముద్ర తెమ్మన్నారు. ఈలోగా ముసురు పట్టింది. షెడ్డు కప్పులో నుంచి నీళ్లు కారాయి. ఇద్దరి మధ్యా తిరగ్గా తిరగ్గా ఇరవై మూడో రోజున ఉత్తర్వు చేతికొచ్చేసరికి గోతాలు చెమ్మగిల్లి, పురుగు పట్టి ఉన్నాయి. ఆరోగ్య శాఖ అధికారి ఒక గోతం విప్పించి చూశాడు. తినడానికి పనికిరావు, పారబోయించాలన్నాడు. అందుకు యజమాని సమ్మతి కావాలట. దరియావలి ఆ కాగితం పూర్తిగా చదివి, కింద సంతకం చేశాడు.

ఊళ్లో బస్సు దిగగానే పోలేరమ్మ ఎదురొచ్చింది. ఆ గోతాల్లో సగం ఆమె చేతుల మీదుగా ఎండినవే.

"ఓడెక్కినాయా సాయిబూ?"

"లేదు పోలేరమ్మా. పారబోసినారు."

"అదేంది! తడి తగలకుండా ఎండబెట్టినాం గదా? మేమేం తప్పు చేసినాం?"

రంగూనులో ప్రభుత్వం అనీ, లైసెన్సు అనీ మొదలుపెట్టి, ఆమె ముఖం చూసి ఆపేశాడు.

"మీదేం తప్పులేదమ్మా" అని మాత్రం అన్నాడు.

ఆ తర్వాత అతను ఓడకు సరుకు పంపలేదు. నెల్లూరు బజారులో శేర్ల లెక్కన అమ్ముకున్నాడు. మరుసటేడు రంగూను నుంచి కట్టుబట్టలతో తిరిగొచ్చినవాళ్లు, కాగితాలు తెలిసిన మనిషి అని వెతుక్కుంటూ వచ్చారు. అక్కడి కస్టమ్స్‌లో ఆపేసిన గాజులు, కుట్టుమిషన్లు, తిరగళ్లు, ఇత్తడి బిందెలు ఇప్పించమని అర్జీలు రాయించుకున్నారు. వాళ్లలో వయసు మళ్లిన సైదాబీ అయితే కూతురి పట్టీల జత గురించి నాలుగుసార్లు రాయించింది.

"వస్తాయా నాయనా?" అని అడిగేది ప్రతిసారీ.

రావని అతనికి తెలుసు. ఆ మాట చెప్పలేక, మూడు ప్రతులూ శుభ్రంగా రాసిచ్చేవాడు. ఒక్కదానికీ జవాబు రాలేదు.