కొసరు మారెప్ప

మా పక్కింటి మారెప్పకు ఒకటే పిచ్చి. ఏడేళ్లుగా తాను మనిషిని కాదు, కొసరు అనుకుంటాడు. శెనక్కాయలమ్మే ఆమె తూకం వేసి, పైన ఇంకో గుప్పెడు వెయ్యబోతే చేయి అడ్డం పెడతాడు.

"వద్దక్కా. నేనే కొసరు. కొసరుకి మళ్లా కొసరేంది?"

రాయదుర్గంలో జీన్సు ప్యాంట్లకు గుండీలు బిగించే పని ఆయనది. పొద్దున బస్సు తప్పిపోతే అందరూ డ్రైవరును తిడతారు, మారెప్ప చేయెత్తి సాగనంపుతాడు. తన దినాలు ఎప్పుడో అయిపోయాయట, ఇవి పైన వేసినవట, వాటికి ఆలస్యమేముందట. చెప్పులో తేలు దూరితే, తన మీద వృథా చేసుకోవద్దని దానికి నచ్చజెప్పి కంచెలో వదిలి వచ్చాడు. ఒకసారి ఇన్సూరెన్సు ఆయన వచ్చి, మీరు పోయాక ఇంత వస్తుంది అని మొదలుపెట్టాడు.

"నేను పోయొచ్చినానప్పా," అన్నాడు మారెప్ప. "ఇప్పుడు కడితే ఒప్పుకుంటారా?"

ఆయన టీ సగం గ్లాసులోనే వదిలేసి లేచిపోయాడు.

ఎట్లా పోయొచ్చాడో చెప్పాలంటే నేను తల దించుకోవాలి. ఆ ఏడు రంజాను నెలలోనే తొలకరి పడింది. గట్ల మీద కూరాకు మొలిచింది. నేను ఒడి నిండా కోసుకొచ్చి, చింతపండు వేసి వండాను. మేము సాయంత్రం దాకా నోట్లో ఏమీ పెట్టం, మారెప్పేమో ఒంటిమనిషి. ఎప్పటిలాగే మధ్యాహ్నం గిన్నెడు గోడ మీదుగా అందించాను. రోజాలో ఉన్నాను గనక రుచి చూడలేదు. చూసి ఉంటే చేదు తెలిసేది. లేత ఉమ్మెత్తాకు కలిసిపోయింది.

గంట తిరక్కుండా మారెప్ప వీధిలోకి వచ్చి గాలికి గుండీలు బిగించడం మొదలుపెట్టాడు. కరెంటు స్తంభాన్ని బావా అని పిలిచి, కూర్చోమని బతిమాలాడు. ఎప్పుడో పోయిన వాళ్ల నాయనతో పేచీ పెట్టుకున్నాడు. చివరికి మట్టిలో వెల్లకిలా పడుకుని, నేను పోయినా, మీరెవరూ ఏడ్చొద్దు అన్నాడు. జనం నవ్వారు. కళ్లు తేలేశాక ఆస్పత్రికి ఎత్తుకుపోయారు. ఇంకో రెండు ముద్దలు తిని ఉంటే మనిషి దక్కేవాడు కాదన్నాడు డాక్టరు.

నేను మిగిలిన కూర గుంత తవ్వి పూడ్చాను. ఎవరికీ చెప్పలేదు, మా ఆయన గఫూర్‌కు కూడా. మూడో రోజు మారెప్ప కళ్లు తెరిచాడని తెలిసి చూడబోయాను. మంచం చుట్టూ జనం. ఆకు ఎవరిచ్చారని అడుగుతున్నారు. నేను తలుపు దగ్గరే ఆగిపోయాను. మారెప్ప అందరినీ చూశాడు, నన్నూ చూశాడు. గట్టు మీద తానే పెరుక్కొని వండుకున్నానన్నాడు. తర్వాత ఆ మాట అన్నాడు.

"చచ్చి చూసినా. బయమేం లేదప్పా. ఆడ వాన పడతాండాది."

ఆయన ఇంటికొచ్చిన రోజే నా గిన్నె గోడ మీద కడిగి బోర్లించి ఉంది. హమ్మయ్య అనుకున్నాను. అట్లా అనుకున్నందుకు ఇప్పటికీ సిగ్గు.

అప్పటి నుంచి ఊళ్లో ఎవరు మంచం పట్టినా మారెప్పకు కబురు వస్తుంది. పోయి పక్కన కూర్చుని వాన సంగతి చెప్తాడు. ముసలి తిమ్మప్ప, ఆడ బోర్లు ఎన్ని అడుగులకు పడతాండాయని అడిగాడట. ఆడ బోరు ఎవుడేస్తాడు తాతా, చేత్తో తోడుకునేదే అన్నాడట ఈయన. తిమ్మప్ప కొత్త గొడుగు తెప్పించి పక్కన పెట్టుకుని మరీ పోయాడు. ఊరు మెచ్చుకుంది. నా చేతి విషం ఇట్లా ఊరికి ధైర్యం చెప్తుంటే, నేను ఇంట్లో ముఖం దాచుకునేదాన్ని. ఆకుకూర వండడమే మానేశాను.

పోయినేడు మా ఆయనకు కిడ్నీలు చెడ్డాయి. ఇంకేం చెయ్యలేమని ఇంటికి పంపారు. భయంతో నా మణికట్టు పట్టుకుని వదిలేవాడు కాదు. మారెప్ప వచ్చి కూర్చున్నాడు.

"మారెప్పా, పిడుగులుండాయా ఆడ?" అని అడిగాడు మా ఆయన. చిన్నప్పటి నుంచి ఆయనకు ఉరుమంటే హడలు.

"లేదన్నా. శెనక్కాయ ఊడ మట్టిలోకి దిగేటప్పుడు అడుక్కుంటాం చూడు, ఆ వాన. సన్నగా, నాలుగు దినాలు."

నా చేయి వదిలాడు. రెండు రోజులకు కలిమా చెప్పుకుంటూ నెమ్మదిగా పోయాడు.

నలభయ్యో దినం, ఆయన పేరున ఫాతెహా చదివించిన అన్నం పట్టుకుని గోడ దగ్గరికి పోయాను. ఇక ఆపుకోలేక, ఆ ఆకు నేను వండిందే అని చెప్పేశాను.

"తెలుసు వదినా," అన్నాడు మారెప్ప. "గిన్నె మీద గఫూరన్న పేరు చెక్కుండాదే. నలుగురి కంట పడకముందే కడిగి గోడ మీద పెట్టింది ఎవురనుకుంటివి?"

నాకు నేలలోకి దిగిపోవాలనిపించింది. అంతా తెలిసి ఇన్నేళ్లు నోరు మెదపలేదు. వాన నిజంగా చూశావా అని అడిగాను.

"యాడి వాన? ఎర్రచీమలు, గోడంతా. బయానికి పంచె తడుపుకుంటి. అదే గుర్తుండాది."

"మరి?"

"కండ్లు తెరిస్తే తలుపు కాడ నువ్వు, కొంగు నోట్లో కుక్కోని. చీమలంటే నువ్వు మళ్లా పొయ్యి ముట్టించవు అనిపించె. వాన అంటే మన ఊర్లో ఎవురూ తప్పు పట్టరు గదా."

ఇంతమందికి అబద్ధం చెప్పావా అంటే తల గోక్కున్నాడు.

"చెప్పీ చెప్పీ నా బయం గూడా పోయ వదినా. ఇప్పుడు కండ్లు మూస్తే నాకూ వానే."

పోయిన వారం గట్ల మీద మళ్లీ ఆకు మొలిచింది. ఒక్కొక్క ఆకూ వెలుతురుకు పట్టి చూసి కోశాను. వండి, గిన్నె తీసుకుపోయి, మారెప్ప ముందే మొదటి ముద్ద నేను తిన్నాను. అతను నా ముఖం వైపు కాసేపు పరీక్షగా చూశాడు. ఏం వదినా, కరెంటు స్తంభం పలకరిస్తాండాదా అన్నాడు. తల అడ్డంగా ఊపాను. అప్పుడు కూర్చుని, సంగటిలో కలుపుకుని, గిన్నె అడుగు వేలితో తుడిచి మరీ తిన్నాడు.

తిని, ఖాళీ గిన్నె నా వైపు తోశాడు.

"కొసరెయ్యి వదినా."